తెల్ల లైట్లు

మా ఊళ్లో మొదటి కారు నాదే. గొప్ప కోసం చెప్పడం లేదు. విశాఖపట్నంలో కొన్న సెకండ్ హ్యాండు బండి, దాని అప్పు ఇప్పటికీ నెలనెలా నా జీతంలోంచి పోతూనే ఉంది. పాడేరు నుంచి మా ఊరు 22 కిలోమీటర్లు. అందులో చివరి 6 కిలోమీటర్లకు తారు పడి ఎన్నో ఏళ్లు కాలేదు. అంతకుముందు అది కాలిబాట. జ్వరం పడ్డవాళ్లను, నొప్పులు మొదలైన ఆడవాళ్లను డోలీ కట్టి ఆ దారినే మోసుకుపోయేవారు. నా తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మనూ అలాగే మోశారు. డోలీ ముందు కర్ర భుజాన పెట్టుకున్నది మా పెదమావ, అమ్మకు అన్న. ఆయన సంగతే చెప్పాలి. కాని లైట్ల సంగతి చెప్పకుండా అది చెప్పలేను.

కారు వచ్చాక నాకు రాత్రిళ్లు నిద్ర తగ్గింది. 108కి ఫోను చెయ్యాలంటే సిగ్నలు కోసం గట్టెక్కాలి. దానికంటే మాస్టారి తలుపు కొట్టడం దగ్గర. పిల్లాడికి వాంతులు, ముసలామెకు ఆయాసం, ఎవరికో పాము కాటు. అర్ధరాత్రి లేచి, లుంగీ మీదనే బండి తీసి, పాడేరు దాకా వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. ఆ రోడ్డులో నాకు భయం వేసింది మలుపులకు కాదు, లోయకూ కాదు. నా బండి లైట్లకు. పదేళ్ల నాటి బండి. హై బీమ్ వేసినా కిరసనాయిలు బుడ్డి పట్టుకుని నడుస్తున్నట్టే ఉండేది. మలుపు దగ్గరికొచ్చాక మలుపని తెలిసేది.

ఇక చలికాలం వస్తే మా రోడ్డు మాది కాదు. వలిసె పూలు పూసే రోజుల నుంచి సంక్రాంతి దాటేదాకా టూరిస్టుల బళ్లే. లంబసింగి మంచు చూడాలని కొందరు, వంజంగి కొండ మీద మేఘాల మధ్య సూర్యోదయం చూడాలని కొందరు. సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే కొండెక్కాలి కదా, అందుకని తెల్లవారుజాము మూడు నాలుగు గంటలకే బారులు తీరతాయి. చాలా బళ్లకు తెల్లటి లైట్లు, కొన్నిటికి పైన మరో వరస. డిమ్ చెయ్యరు. డిప్పర్ కొట్టినా చెయ్యరు. ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లను వెనక సీట్లో పెట్టుకుని దిగుతుంటే, ఎదురుగా వచ్చిన బండి వెలుగుకి నాకు రోడ్డే లేకుండా పోయింది. బ్రేకు వేసి, కళ్లు మూసుకుని తెరిస్తే, నా ఎడమ చక్రం తారు దిగి మట్టి మీద ఉంది. పక్కన ఏముందో పగలు చూసినవాణ్ని కాబట్టి మళ్లీ చూడలేదు.

మా స్టాఫ్ రూములో ఆ మాట చెప్పి చాలాసేపు తిట్టాను. మన కొండకి వచ్చి మన కళ్లలోనే కొట్టిపోతున్నారని. అందరూ అవునన్నారు. ఒక మాస్టారు మాత్రం, "నువ్వూ అలాంటివే వేయించు, అప్పుడు వాళ్లకే తెలుస్తుంది" అన్నాడు. అది నా మనసులో పడింది. ఆసుపత్రి దారి కనబడాలన్నది నిజమే. వాళ్లకు తెలియాలన్నదీ నిజమే. రెండిట్లో ఏది ఎక్కువో అప్పుడు నేను తూచుకోలేదు.

మొదట 100/90 వాట్ల హాలోజన్ బల్బులు పెట్టించాను. కంపెనీ నుంచి వచ్చినవి 60/55 వాట్లవి. మూడు వారాల్లో కాలిన వాసన. చూస్తే బల్బు వెనక ప్లాస్టిక్ హోల్డరు మైనంలా కరిగిపోయింది. లెక్క వేసుకుని ఉంటే ముందే తెలిసేది. రెండు 60 వాట్ల బల్బులకు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు పోతే, రెండు 100 వాట్ల వాటికి దాదాపు 17. అదే సన్న తీగ, అదే స్విచ్చు. ఈ లెక్క నేను ఏటా పదో తరగతికి బోర్డు మీద చేయిస్తాను. నా బండికి మాత్రం చేసుకోలేదు.

రెండోసారి ఎల్‌ఈడీ. విశాఖలో ఒక షాపులో. కరెంటు తక్కువ తింటుంది, హోల్డరు కరగదు అన్నారు. అది అబద్ధం కాదు. డబ్బా మీద మాత్రం 20,000 ల్యూమెన్లని రాసి ఉంది. మామూలు హాలోజన్ బల్బు హై బీమ్‌లో 1,650, డిమ్‌లో 1,000 ల్యూమెన్ల దగ్గర ఇస్తుంది. పన్నెండు రెట్లు ఎక్కడి నుంచి వస్తుందని అడగలేదు. షాపు కుర్రాడు బండిని ఎదురు గోడ వైపు తిప్పి లైటు వేశాడు. గోడ పాలు పోసినట్టు తెల్లబడింది. గోడ మీద చూస్తే ఏ లైటైనా గొప్పగానే ఉంటుంది. గోడకు కళ్లు లేవు.

ఆ రాత్రి ఘాట్ ఎక్కుతుంటే పండగలా అనిపించింది. రోడ్డు పక్క సిల్వర్ ఓక్ చెట్లు మొదలు నుంచి కొస దాకా కనిపించాయి. ఎదురొచ్చిన ఒక కారు డిప్పర్ కొట్టింది, మళ్లీ కొట్టింది. నేను నవ్వుకున్నాను. నవ్వుకున్నానని రాయడానికి సిగ్గుగానే ఉంది, కాని నవ్వుకున్నాను.

డిసెంబరులో ఒక రాత్రి. పాడేరు నుంచి వస్తున్నాను. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు. మంచు దిగుతోంది. మా ఊరికి ముందు ఒక గెడ్డ ఉంది, దాని మీద చిన్న కల్వర్టు, దాటగానే మలుపు. మంచులో హై బీమ్ వేస్తే తెల్ల దుప్పటి కప్పినట్టుంటుంది కాబట్టి డిమ్‌లోనే ఉన్నాను. అదొకటి మీకు చెప్పాలి, డిమ్‌లోనే ఉన్నాను. మలుపు దగ్గర కుడివైపు ఏదో కదిలినట్టు అనిపించింది. పశువేమో అనుకున్నాను. వెనకాల వాళ్లు ఏదో మాట చెప్పి నవ్వుతున్నారు. నేను బండి ఆపలేదు.

పొద్దున్నే అమ్మ వచ్చి లేపింది. "రాత్రి మీ పెదమావ గెడ్డ కాడ పడిపోనాడట్రా."

వెళ్లి చూశాను. కుడి ముంజెయ్యి వాచి నల్లబడింది. వెదురుబద్దలు పెట్టి, ఆకు పసరు కట్టు కట్టారు. గోడకి జేరబడి చుట్ట కాలుస్తున్నాడు.

"ఎలాగ పడ్డావు మావా?"

"టూరిస్టోల కారురా అల్లుడూ. మలుపు తిరిగీసరికి మొకం మీద కొట్టినాది. కళ్లు పోనాయనుకున్నాను. పక్కకి తప్పుకుందారని కాలేస్తే కాలవలోకి ఎల్లిపోనాను."

"ఆపలేదా?"

"ఆపుతారేటి ఆళ్లు?"

నా నోట మాట రాలేదు. ఎన్ని గంటలకని అడగక్కర్లేదు. ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీద మా ఊరి వైపు వచ్చిన కారు ఒక్కటే. ఆయన్ని అదే కారులో ఎక్కించుకుని పాడేరు తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు, ఎముక విరిగింది, ఆరు వారాలు పిండికట్టు అన్నారు. కాఫీ పళ్లు ఎర్రబడి కొయ్యాల్సిన రోజులు. ఎకరంన్నర తోట ఆయనది. ఒంటి చేత్తో కాఫీ కొయ్యలేరు. కొమ్మ వంచడానికి ఒక చెయ్యి, పండు తియ్యడానికి ఒక చెయ్యి కావాలి. ఆ ఏడు కూలి పెట్టి కోయించుకున్నాడు. వచ్చే దారిలో ఆయన సీట్లో వెనక్కి వాలి, "నీకు కారుండబట్టి గాని" అన్నాడు. నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను.

నేను చెప్పలేదు. వారం గడిచింది. ఈలోగా మాట ఊరంతా పాకింది, పక్క ఊళ్లకూ పాకింది. టూరిస్టు బండి మా మనిషిని పడేసి పోయిందని. కుర్రాళ్లకు కోపం వచ్చింది. కల్వర్టు దగ్గర అడ్డకర్ర కడదామన్నారు, రాత్రి వచ్చే బళ్లను ఆపి నిలదీద్దామన్నారు. పెద్దవాళ్లు ఆగమని, ముందు అర్జీ పెడదామన్నారు. అర్జీ ఎవరు రాయాలి? మాస్టారు ఉన్నాడు కదా.

రాత్రి భోజనాలయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాను. "అయ్యా, మా గ్రామ వాస్తవ్యుడైన..." అని మొదలుపెట్టి ఆయన పేరు రాశాను. "గుర్తు తెలియని టూరిస్టు వాహనం" అని రాయాలి. ఆ మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. నా దగ్గర చదివిన పిల్లల్లో ఇద్దరు ఆ కుర్రాళ్లలో ఉన్నారు. రేపు వాళ్లు ఎవరి బండినైనా ఆపి కొడితే, కేసు పడితే, ఆ కాగితం మీద చేవ్రాలు నాది.

పొద్దున్నే మావ ఇంటికి వెళ్లాను. అత్త అంబలి ఇచ్చింది. తాగలేకపోయాను.

"మావా, ఆ రాత్రి వచ్చింది నా కారే."

చాలాసేపు నా వైపు చూడలేదు. పిండికట్టు మీద ఈగను తోలాడు.

"నీదా?"

"నాదే."

"ఆపనేదేం మరి?"

"నువ్వు కనపడలేదు మావా."

"అంత లైటు పెట్టుకుని కనపడనేదా?"

దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతకడానికి కొన్ని రోజులు పట్టింది. అదే మీకు, ముఖ్యంగా సైన్సు చెప్పే మాస్టర్లకు, చెప్పాలని ఇది రాస్తున్నాను.

పాడేరులో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఆయన నా ఎల్‌ఈడీ బల్బు ఒకటి, పాత హాలోజన్ బల్బు ఒకటి పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. పాత బల్బు గాజులో రెండు తీగచుట్టలు. డిమ్ చుట్ట కింద ఒక చిన్న రేకు దొన్నె. "ఇదేటో తెలుసా మాస్టారూ?" అన్నాడు. నాకు తెలియదు. ఆ దొన్నె డిమ్ వెలుగును రిఫ్లెక్టరు కింద సగం మీద పడనివ్వదు. పై సగం మీద పడిన వెలుగు వంగి రోడ్డు మీదకు దిగుతుంది. కింద సగం మీద పడితే పైకి, ఎదుటివాడి మొహం మీదకు లేస్తుంది. కంపెనీవాడు ఆ రిఫ్లెక్టరును ఆ తీగచుట్ట సరిగ్గా ఎక్కడ ఉంటుందో చూసి వంచుతాడు. పుటాకార దర్పణం, నాభి అని మనం చెప్పే పాఠమే. నేను కొన్న ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు వేరు, ఆకారం వేరు. దాంతో వెలుగు గీత లేకుండా అన్ని వైపులకూ చెదిరింది. డిమ్‌లో పెట్టినా డిమ్ కాదన్నమాట. పైగా వెనక నలుగురు, రెండు బస్తాలు. వెనక కుంగితే బండి ముక్కు లేస్తుంది, ముక్కుతో పాటు లైటూ లేస్తుంది.

నాకు మావ ఎందుకు కనపడలేదో అప్పుడు కొంచెం అర్థమైంది. నా ముందు పది గజాల రోడ్డు, ఆ మంచు ధగధగ మెరుస్తుంటే నా కళ్లు ఆ మెరుపుకే సర్దుకున్నాయి. కంటిపాప చిన్నదైపోయింది. ఆ మెరుపు పక్కనున్న నీడలో మనిషి ఉన్నా నలుపే. లైటు పెరిగిన కొద్దీ నీడ కూడా చిక్కనైంది.

మావ సంగతి ఇంకా వేరు. ఆయన టార్చి లేకుండా నడిచే మనిషి. మనలో పెద్దవాళ్లు చాలామంది అంతే. చుక్కల వెలుగు చాలు వాళ్లకు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. అలా అరగంట నడిచి సంపాదించుకున్న చూపును ఎదురొచ్చిన లైటు ఒక్క క్షణంలో లాక్కుంటుంది. వయసు మీరిన కళ్లకు, శుక్లాలు మొదలైన కళ్లకు, అది తిరిగి రావడం ఇంకా ఆలస్యం. గంటకు 40 కిలోమీటర్ల మీద వెళ్లే కారు ఆ ఒక్కో సెకనులో 11 మీటర్లు పోతుంది. నేను ఆ 11 మీటర్లలో మలుపు దాటేశాను. ఆయన కాలవలో ఉన్నాడు.

మరి నా పాత లైట్లు అంత మసకగా ఎందుకున్నాయి? దానికి జవాబు బడిలో దొరికింది. ఒక శనివారం మధ్యాహ్నం పదో తరగతి పిల్లలను కారు చుట్టూ నిలబెట్టాను. పాత 60/55 బల్బులు గుడ్డతో పట్టుకుని మళ్లీ బిగించాం. చేతి జిడ్డు గాజుకి అంటితే వేడికి అక్కడ చెడుతుంది. ఇంజను ఆన్ చేసి ల్యాబ్ మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర కొలిస్తే 14.1 వోల్టులు. లైటు వెలుగుతుండగా హోల్డరు దగ్గర కొలిస్తే 11.4. మిగతాది ఎక్కడికి పోయింది సార్ అని ఒక పిల్ల అడిగింది. వెతకండి అన్నాను. బాడీకి ఎర్త్ కట్టిన బోల్టు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది. స్విచ్చులో కొంత, సన్న తీగల్లో కొంత. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పడిపోతుంది. నా బల్బులు ఇవ్వాల్సిన వెలుగులో అరవై శాతమే ఇస్తున్నాయి. ఆ మిగిలినదాని మీద పసుపుపచ్చబడిన డూమ్ అద్దం. బల్బు తప్పు ఏమీ లేదు. నేను రెండుసార్లు బల్బే మార్చాను.

బోల్టు గీకి శుభ్రం చేశాం. ముసలాయన రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా మందం తీగ నేరుగా లైటుకు లాగాడు. స్విచ్చు ఇప్పుడు రిలేకు సైగ మాత్రం చేస్తుంది, బరువు మొయ్యదు. విద్యుదయస్కాంతం దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. రిలే మూత తీసి చూపించాను, టిక్కుమనగానే అందరూ మళ్లీ నొక్కమన్నారు. డూమ్ అద్దాన్ని నీళ్లతో, నాజూకు ఎమెరీ కాగితంతో రుద్ది పాలిష్ పెట్టాం. హోల్డరు దగ్గర మళ్లీ కొలిస్తే 13.5. మొత్తం ఖర్చు ఆ ఎల్‌ఈడీల ధరలో సగం కాలేదు.

ఈలోగా ఊరి మీటింగులోనూ చెప్పాను. కుర్రాళ్లలో ఒకడు పకపకా నవ్వాడు. ఒకడు లేచి వెళ్లిపోయాడు, ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. అర్జీ రాశాం, కాని వేరే అర్జీ. మలుపు దగ్గర మెరిసే స్తంభాలు, రోడ్డు అంచుకు తెల్ల గీత, కాలవ మీద పలకలు, "లైటు డిమ్ చేయండి" అనే బోర్డు. ఎదుటివాళ్ల కళ్లు చెదిరేలా లైట్లు ఉండకూడదని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నదీ రాశాం. టూరిస్టుల బళ్లు అని మాత్రమే రాయబోతే మావ ఒప్పుకోలేదు. "మన బళ్లూ అని కలుపు" అన్నాడు. కలిపాను. అర్జీ ఇచ్చి చాలా నెలలైంది. తెల్ల గీత ఇంకా పడలేదు.

టూరిస్టుల మీద నా కోపం పోయిందా అంటే పోలేదు. తెల్లవారుజామున వాళ్ల లైట్లు మా గోడల మీద పాకుతుంటే ఇప్పటికీ తిట్టుకుంటాను. కాని తిట్టే ముందు ఒకసారి నా డిమ్ స్విచ్చు తడుముకుంటాను.

లైటు దించే పని మిగిలింది. బడి గోడ ముందు చదును నేల మీద, 10 మీటర్ల దూరంలో కారు పెట్టాం. లైటు మధ్య ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీశారు పిల్లలు. దాని కింద 10 సెంటీమీటర్లకు ఇంకో గీత. డిమ్ వెలుగు అంచు ఆ కింది గీత మీద ఆగాలి. ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచున నడిచేవాళ్లు కనబడడానికే దాన్ని అలా చేస్తారు. ఎల్‌ఈడీతో ఆ మెట్టు అసలు కనబడలేదు. ఇప్పుడు గోడ మీద కత్తితో కోసినట్టుంది. మా బళ్లు ఎప్పుడూ నిండుగానే పోతాయి కాబట్టి వెనక సీట్లో ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టే స్క్రూ తిప్పాం.

చీకటి పడుతుండగా మావ వచ్చాడు. పిండికట్టు తీసేసి అప్పటికి పది రోజులు. చెయ్యి ఇంకా పూర్తిగా చాచలేడు. గోడ దగ్గరకు వెళ్లి, వీపు ఆనించి, కారు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎయ్యి" అన్నాడు.

డిమ్ వేశాను. వెలుగు ఆయన నడుం దగ్గర ఆగింది. మొహం చీకట్లోనే ఉంది.

"కనపడుతున్నానా?"

"కాళ్లు, పంచె కనపడుతున్నాయి మావా."

"నాకు నువ్వు కనపడుతున్నావు" అన్నాడు. కాసేపు అలాగే నిలబడి, "కుడేపుది ఇంకాస్త దించు" అన్నాడు.

నేను దిగి స్క్రూ అర చుట్టు తిప్పాను.